వీసా గేటు తెరిచే ఉంది.. మట్టం చూసుకున్నారా?

జూపాడు బంగ్లా మండలంలో పుట్టి పెరిగినవాళ్లకు పోతిరెడ్డిపాడు గురించి కొత్తగా చెప్పేదేముంది? గేట్లు ఉన్నంత మాత్రాన కాలువలోకి నీళ్లు రావు. శ్రీశైలంలో మట్టం ఉండాలి. 854 అడుగుల మట్టం నిలపండని సీమ రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నది అందుకే. ఎగువన వాన పడటం మన చేతిలో లేదు. నీళ్లు ఎప్పుడు, ఎంత వదలాలో చెప్పేదీ మనం కాదు. అందుకే తెలిసిన రైతు పక్కవాడు నారు పోశాడని తనూ పోయడు. ముందు మట్టం ఎంతుందో కనుక్కుంటాడు.

విదేశాలకు వెళ్లే దారి కూడా ఇప్పుడు అలాగే తయారైంది. ‘మా సీనియర్ వెళ్లాడు, నేనూ వెళ్తా’ అనే లెక్క ఇక కుదరదు. సీనియర్ వెళ్లినప్పటి రూల్ వేరు, ఇప్పుడున్న రూల్ వేరు. నందికొట్కూరులో డిగ్రీ చేస్తున్నా, కర్నూలులోనో నంద్యాలలోనో బీటెక్ చదువుతున్నా.. మీరు రెండో ఏడాదిలో విన్న రూల్ ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. మీ ప్లాన్ మొత్తం ఒకే ఒక్క రూల్ మీద నిలబడి ఉంటే, ఆ రూల్ మారిన రోజు నష్టపోయేది మీరొక్కరే కాదు. బ్యాంకులో పొలం కాగితాలు పెట్టిన నాన్న కూడా.

వెళ్లొద్దని చెప్పడానికి కాదు ఇదంతా. వెళ్లండి. కాకపోతే రూల్ మారినా తట్టుకునేలా వెళ్లండి. అదెలాగో చూద్దాం.

మారుతున్నవి మూడే

వార్తల్లో రోజుకో రూల్ కనిపిస్తుంది. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కాస్త నిదానంగా చూస్తే ఏ దేశమైనా ప్రధానంగా మూడు చోట్లే మార్పులు చేస్తోంది. ఒకటి, మీరు చూపించాల్సిన లేదా కట్టాల్సిన డబ్బు. రెండు, చదువయ్యాక అక్కడ ఉండి పని వెతుక్కునే గడువు. మూడు, ఉద్యోగ వీసాకి ఉండాల్సిన జీతం, అర్హత. కొత్త రూల్ ఏది విన్నా ఇది ఈ మూడింటిలో దేనికి సంబంధించింది అని అడగండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

అమెరికా సంగతే తీసుకోండి. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే మొదటి స్థానం. హెచ్‌-1బీ ఆమోదాల్లోనూ 70 శాతానికి పైగా మనవాళ్లవే. అందుకే అక్కడ చిన్న మార్పు జరిగినా ఇక్కడ ఊర్లలో దాకా మాట్లాడుకుంటారు.

2025లో ఏం జరిగిందో వరుసగా చూడండి. జూన్‌లో, విద్యార్థి వీసాకి దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలన్నారు. సెప్టెంబరు 2 నుంచి చాలామందికి ఇంటర్వ్యూ లేకుండా వీసా రెన్యువల్ చేసుకునే వీలు పోయింది. అదే నెల 6 నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోమన్నారు. స్లాట్ దొరక్క వేరే దేశానికి వెళ్లి వీసా స్టాంపింగ్ చేయించుకునే దారి దాంతో మూసుకుపోయింది. సెప్టెంబరు 21 నుంచి కొత్త హెచ్‌-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము వచ్చింది. మన లెక్కలో సుమారు 90 లక్షల రూపాయలు.

ఈ వార్త రాగానే ‘అమెరికా అయిపోయింది’ అన్నవాళ్లు చాలామంది. కానీ రూల్ పూర్తిగా చదివితే వేరే సంగతులు కూడా తెలుస్తాయి. అది ఏడాది కాలానికి, పొడిగించే వీలుతో ఇచ్చిన ఉత్తర్వు. అమెరికాలోనే చదువుకుంటూ ఎఫ్‌-1 నుంచి హెచ్‌-1బీకి మారేవాళ్లకు ఆ రుసుము వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ విభాగం 2025 అక్టోబరు 20న స్పష్టం చేసింది. అంటే ఇక్కడి ఆఫీసు నుంచి కంపెనీ పంపిస్తే వెళ్దామనుకునేవాళ్లకు దెబ్బ పెద్దది. అక్కడే ఎంఎస్ చేసినవాళ్లకు అంత కాదు.

అలాగని ఎంఎస్ చేసినవాళ్లకు అంతా సాఫీగా ఉందనుకోవద్దు. ఏటా ఇచ్చే 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా ఇచ్చే 20,000 వీసాలు ఇదివరకు మామూలు లాటరీతో దక్కేవి. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చే పద్ధతిలో జీతం స్థాయిని బట్టి అవకాశం పెరుగుతుంది. అత్యధిక జీతం స్థాయి వాళ్ల పేరు లాటరీలో నాలుగుసార్లు పడితే, అందరికంటే కింది స్థాయి వాళ్ల పేరు ఒక్కసారే పడుతుంది. చదువు అవ్వగానే ఫ్రెషర్ జీతంతో చేరేవాళ్లు ఏ స్థాయిలో ఉంటారో మీరే ఊహించుకోండి.

బ్రిటన్ విషయానికొద్దాం. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు లేదు. పరిశోధన కోర్సులకే ఆ వీలు మిగిలింది. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం, డిగ్రీ స్థాయి ఉద్యోగం ఉండాలి. అదే రోజు నుంచి కేర్ వర్కర్ల కోసం విదేశాల నుంచి కొత్తగా మనుషులను తీసుకోవడం ఆపేశారు. ఇంకొకటి ముఖ్యం. చదువయ్యాక ఉండే రెండేళ్ల గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఏడాదిన్నరకి తగ్గుతుంది. అంటే 2026 సెప్టెంబరులో మాస్టర్స్‌లో చేరేవాళ్లు ‘రెండేళ్లు ఉంటుందిలే’ అనుకుని అప్పు లెక్క వేసుకుంటే ఆ లెక్క తప్పు.

కెనడా విద్యార్థుల ఖాతాలో ఒకప్పుడు 10,000 కెనడా డాలర్లు చూపిస్తే చాలనేది. 2024 జనవరిలో అది 20,635 అయింది. 2025 సెప్టెంబరు 1 నుంచి 22,895. ఫీజు, ప్రయాణం ఖర్చు దీనికి అదనం. మన విద్యార్థులు ఎక్కువగా వాడుకున్న వేగవంతమైన ఎస్‌డీఎస్ దారిని 2024 నవంబరు 8న మూసేశారు. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా రుసుము 2024 జూన్ దాకా 710 ఆస్ట్రేలియా డాలర్లు. ఆ జులైలో 1,600కు, మరుసటి జులైలో 2,000కు పెరిగింది. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు చాలా తక్కువే. కానీ ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వేసి చూపించాలి. వీసా తిరస్కరిస్తే ఉత్తరం రాసి మళ్లీ పరిశీలించమని అడిగే పద్ధతిని 2025 జులై 1 నుంచి జర్మనీ తీసేసింది. ఇక మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా కోర్టుకు వెళ్లాలి. అందుకే మొదటిసారే కాగితాలు పక్కాగా ఉండాలి.

అప్పు లెక్క ఇంట్లో అందరి ముందు వేయండి

కన్సల్టెన్సీ వాళ్లు అక్కడి జీతం చూపిస్తారు. మీరు ఇక్కడి వాయిదా చూడండి.

ఉదాహరణకు 40 లక్షల రుణం, 11 శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలి అనుకుందాం. నెలకు వాయిదా దాదాపు 55,100 రూపాయలు. చదువుకునే రెండేళ్లలో పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. అది కలిపితే ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. చదువయ్యాక గడువులోపు అక్కడ ఉద్యోగం రాలేదు, ఇంటికి వచ్చేశారు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఫ్రెషర్ ఉద్యోగంలో చేరారు. ఆ జీతంలో నెలకు 55 వేలు కట్టగలరా? కట్టలేకపోతే ఇంట్లో ఎవరు కడతారు? పొలం మీద వచ్చేదెంత?

ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే మీ ప్లాన్ చెడ్డదని కాదు. అప్పు ఎక్కువని. తగ్గించుకునే దారులు వెతకండి. తక్కువ ఫీజున్న దేశం, స్కాలర్‌షిప్ ఉన్న యూనివర్సిటీ, లేదంటే ముందు ఇక్కడ రెండేళ్లు పనిచేసి కొంత డబ్బు, అనుభవం వెనకేసుకుని వెళ్లడం. పైన చూశారు కదా, అమెరికా లాటరీ అయినా, బ్రిటన్ జీతం షరతు అయినా అనుభవం ఉండి ఎక్కువ జీతం తెచ్చుకోగలిగేవాళ్లకే అనుకూలంగా మారుతున్నాయి. ఇక్కడ చేసే రెండేళ్ల ఉద్యోగం వృథా కాదు. మారిన రూల్స్ కింద అదే మీ బలం.

ప్రభుత్వ సాయం సంగతి కూడా ఇంతే. మన రాష్ట్రంలో విదేశీ విద్య పథకం పేరు, షరతులు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. పాత జీవో చూసి ఆశ పెట్టుకోకండి. సాంఘిక సంక్షేమ శాఖలోనో, మీకు వర్తించే బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖలోనో ఈ ఏడాది షరతులు కనుక్కున్నాకే లెక్కలో కలపండి. బ్యాంకు రుణం తీసుకుని ఫీజు పంపితే మాత్రం ఒక ఊరట ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ మొత్తంపై టీసీఎస్ లేదు.

కొత్తగా తెరుచుకున్న దారులు

మూసుకుపోయినవే వార్త అవుతాయి. తెరుచుకున్నవి చాలామందికి తెలియవు.

బ్రిటన్: ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ 2023లో మొదలైంది. ఏటా 3,000 మందికి అవకాశం. 18 నుంచి 30 ఏళ్ల లోపు వయసు, డిగ్రీ, 2,530 పౌండ్ల పొదుపు ఉండాలి. చేతిలో ఉద్యోగం లేకపోయినా వెళ్లి రెండేళ్లు పనిచేసుకోవచ్చు. లాటరీలో పేరు నమోదుకు రుసుము లేదు. సాధారణంగా ఫిబ్రవరి, జులై నెలల్లో తెరుస్తారు. లాటరీలో పేరు వచ్చాకే వీసా రుసుము, హెల్త్ సర్‌ఛార్జి కట్టాలి. ‘పేరు వచ్చేలా చేస్తా, ఇంత ఇవ్వు’ అన్నవాడిని నమ్మకండి. లాటరీలో ఎవరి పలుకుబడీ పనిచేయదు.

ఆస్ట్రేలియా: మేట్స్ పథకం కింద ఏటా 3,000 మంది యువ భారతీయ గ్రాడ్యుయేట్లకు రెండేళ్ల వరకు అవకాశం. ఇంజినీరింగ్, ఐటీ, కృత్రిమ మేధ, ఫిన్‌టెక్, వ్యవసాయ సాంకేతికత, గనులు, పునరుత్పాదక ఇంధనం వంటి రంగాలవాళ్లకు. చేరేముందే ఒక షరతు చూస్కోండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్న సంస్థల్లో చదివి ఉండాలి. మీ కాలేజీ, యూనివర్సిటీ అందులో లేకపోతే దీని మీద టైం పెట్టకండి.

జర్మనీ: 2024 జూన్ 1న మొదలైన ఆపర్చ్యునిటీ కార్డుతో అక్కడికి వెళ్లి ఏడాది పాటు ఉద్యోగం వెతుక్కోవచ్చు. చదువు, వయసు, భాష, అనుభవం బట్టి కనీసం ఆరు పాయింట్లు రావాలి. జర్మన్ భాష ఏ1 గానీ, ఇంగ్లిష్ బీ2 గానీ ఉండాలి. వెతుక్కునేటప్పుడు వారానికి 20 గంటలు పార్ట్‌టైం చేసుకోవచ్చు. మీ డిగ్రీకి, యూనివర్సిటీకి అక్కడ గుర్తింపు ఉందో లేదో ‘అనబిన్’ అనే జర్మన్ డేటాబేస్‌లో ఉచితంగా చూడొచ్చు. ఎవరికైనా రూపాయి కట్టేముందు చేయాల్సిన పని ఇదే. మన నిపుణులకు ఇచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. అయితే భాష రాకుండా అక్కడ మంచి ఉద్యోగం దొరకడం కష్టం.

జపాన్: స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి డిగ్రీ కూడా అక్కర్లేదు. జపనీస్ భాష ఎన్‌4 స్థాయి లేదా దానికి సమానమైన పరీక్ష, మీ రంగంలో నైపుణ్య పరీక్ష పాసైతే ఐదేళ్ల వరకు పనిచేయొచ్చు. ఐదేళ్లలో 50 వేల మంది నిపుణులు ఇక్కడి నుంచి వెళ్లేలా చూడాలని 2025 ఆగస్టులో రెండు దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. నర్సింగ్ కేర్, వ్యవసాయం, ఆహార తయారీ వంటి రంగాలు ఇందులో ఉన్నాయి. ఐటీఐ, డిప్లొమా, అగ్రికల్చర్ చదివినవాళ్లు తప్పక చూడాల్సిన దారి ఇది.

ఇలాంటి నియామకాల సమాచారం కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్, నైపుణ్యాభివృద్ధి సంస్థ, ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ప్రకటనలు చూస్తుండండి.

మామకున్న రక్షణ మీకు లేదు

కడప, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లినవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. మీ చుట్టాల్లోనూ గల్ఫ్‌లో డ్రైవరో, మేస్త్రీనో ఉండొచ్చు. ఆయన వెళ్లేటప్పుడు ‘ఈసీఆర్’ అనే మాట విని ఉంటారు. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు, యజమాని, ఒప్పందం అన్నీ నమోదవుతాయి. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి.

మీరు పది పాసయ్యారు. కాబట్టి మీ పాస్‌పోర్ట్ నాన్-ఈసీఆర్. ఎయిర్‌పోర్టులో ఈ పరీక్షలేవీ ఉండవు. వినడానికి సౌకర్యంగానే ఉంటుంది. కానీ ఇంకోలా చూడండి. మామ కాగితాలను ప్రభుత్వం ఒకసారి చూసి పంపింది. మీ కాగితాలు ఎవరూ చూడరు. చూసుకోవాల్సింది మీరే. నాన్-ఈసీఆర్ వాళ్లు కూడా కావాలంటే ఈ-మైగ్రేట్‌లో స్వచ్ఛందంగా నమోదు చేసుకోవచ్చు. చేసుకోండి. రేపు ఏదైనా జరిగితే మీరెక్కడున్నారో ప్రభుత్వానికి తెలుస్తుంది.

ఏజెంటు ద్వారా వెళ్తుంటే అతని రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి లక్షల్లో అడుగుతున్నాడంటే ఎందుకో అడగండి, రసీదు ఇమ్మనండి. రసీదు మాటెత్తగానే ఫోన్ తీయడం మానేస్తే మీ డబ్బు మిగిలినట్టే.

వీసా అక్కర్లేదు అంటే పని చేయొచ్చని కాదు

2024 జులై నుంచి థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చింది. మలేసియా కూడా వీసా లేకుండా రానిస్తోంది. ఇవి టూరిస్టులకు ఇచ్చిన సౌకర్యాలు. వీటిని మోసగాళ్లు ఎలా వాడుకున్నారో చూడండి.

డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, డిజిటల్ మార్కెటింగ్. మంచి జీతం. ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో పది నిమిషాలు. ‘వీసా తర్వాత చూసుకుందాం, ముందు బ్యాంకాక్ వచ్చేయ్’ అంటారు. అక్కడి నుంచి రోడ్డు మార్గంలో సరిహద్దు దాటిస్తారు. పాస్‌పోర్ట్ లాక్కుంటారు. ఆ తర్వాత చేయించేది సైబర్ మోసాలు. చేయనంటే కొడతారు, విడిచిపెట్టాలంటే డబ్బు అడుగుతారు. 2024 మేలో కంబోడియాకు ఇలా యువకులను తరలించిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల చెర నుంచి బయటపడిన 549 మంది భారతీయులను రెండు వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చదువు రానివాళ్లు కాదు. కంప్యూటర్ తెలిసినవాళ్లు, ఇంగ్లిష్ మాట్లాడగలిగినవాళ్లు. ఆ ముఠాలకు కావాల్సిందే అలాంటివాళ్లు.

ఇంకో సంగతి గమనించండి. ఈసీఆర్ జాబితాలోని 18 దేశాల్లో కంబోడియా లేదు, మయన్మార్ లేదు, లావోస్ లేదు. అక్కడికి వెళ్లేవాళ్లకు, చదువు ఎంతైనా, ఆ పరీక్షే ఉండదు.

ఇరాన్ కూడా మనవాళ్లకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చేది. ఉద్యోగమనీ, వేరే దేశానికి పంపుతామనీ నమ్మించి తీసుకెళ్లి కిడ్నాప్ చేసిన ఘటనలు బయటపడ్డాక, 2025 నవంబరు 22 నుంచి సాధారణ పాస్‌పోర్ట్ ఉన్న భారతీయులకు ఆ సౌకర్యం నిలిపేశారు.

కాబట్టి ఒక్క గీత గీసుకోండి. ఉద్యోగానికి వెళ్తుంటే, విమానం ఎక్కేముందే చేతిలో ఉద్యోగ వీసా ఉండాలి. టూరిస్ట్ వీసా మీద రమ్మన్నా, వీసా అక్కర్లేదన్నా వెళ్లకండి. ఎంత తెలిసినవాళ్లు చెప్పినా సరే.

ఇప్పుడే చేసిపెట్టుకోవాల్సిన పనులు

ఏ దేశం వెళ్తారో ఇంకా తేల్చుకోకపోయినా ఈ పనులు పనికొస్తాయి. ఏ రూల్ మారినా ఇవి వృథా కావు.

పాస్‌పోర్ట్: సాధారణ 36 పేజీల పాస్‌పోర్ట్‌కు 1,500 రూపాయలు. తత్కాల్‌లో అయితే 3,500. ఆఫర్ వచ్చాక పరుగెత్తి రెండు వేలు ఎక్కువ కట్టేకన్నా ఇప్పుడే తీసుకోండి. దరఖాస్తులో పదో తరగతి సర్టిఫికెట్ జతచేయండి. లేకపోతే ఈసీఆర్ ముద్ర పడే అవకాశం ఉంది.

ఇంటిపేరు: ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక సమస్య. ఆధార్‌లో పొడి అక్షరం, పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో ఇంకో వరుస. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత తలనొప్పి. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. అమెరికా వీసాలో అయితే మీ పేరు ముందు ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అందుకే పదో తరగతి మెమో ప్రకారం ఆధార్, పాస్‌పోర్ట్ రెండూ ముందే ఒకేలా చేయించుకోండి.

సర్టిఫికెట్లు: విదేశాల్లో మన డిగ్రీ చెల్లాలంటే ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖ వద్ద ధ్రువీకరణ జరగాలి. అమెరికాకు, యూరప్‌లోని చాలా దేశాలకు ఆపోస్టిల్ సరిపోతుంది. కువైట్, యూఏఈ వంటి దేశాలకు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. దీనికి టైం పడుతుంది. కాన్వొకేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చిన నెలలోనే మొదలుపెట్టండి.

సోషల్ మీడియా: వీసా అధికారి మీ ఖాతాలు చూస్తారనే అనుకోండి. దరఖాస్తులో రాసిన వివరాలు, లింక్డిన్‌లో రాసిన వివరాలు ఒకేలా ఉండాలి. చేయని ఉద్యోగం, లేని అనుభవం పెట్టుకోకండి. పట్టుబడితే ఆ ఒక్క వీసానే కాదు, తర్వాతివీ ఇబ్బందే.

వేలిముద్రలు: 2025 అక్టోబరు 12న యూరప్ షెంజెన్ దేశాలు ఈఈఎస్ అనే కొత్త విధానం మొదలుపెట్టాయి. కొద్దికాలం ఉండడానికి వచ్చేవాళ్ల పాస్‌పోర్ట్‌పై ముద్ర వేయడానికి బదులు ఫొటో, వేలిముద్రలు, వచ్చిపోయిన తేదీలు కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఒక్కరోజు ఎక్కువున్నా దానంతటదే తెలిసిపోతుంది. ‘ముద్ర ఎవరు లెక్కపెడతారులే’ అనే రోజులు పోయాయి.

ఏ రూల్ విన్నా నాలుగు ప్రశ్నలు

యూట్యూబ్‌లో చూసినా, కన్సల్టెన్సీలో చెప్పినా, వాట్సాప్ గ్రూపులో వచ్చినా ఈ నాలుగూ అడగండి.

ఒకటి: ఇది ప్రతిపాదనా, అమల్లోకి వచ్చిందా? ప్రతిపాదనలు చాలా వస్తాయి. అన్నీ అమలు కావు.

రెండు: ఏ తేదీ నుంచి? దరఖాస్తు తేదీని బట్టా, కోర్సు మొదలైన తేదీని బట్టా? బ్రిటన్ ఏడాదిన్నర రూల్ చూశారు కదా. అక్కడ లెక్క దరఖాస్తు తేదీదే.

మూడు: ఎవరికి వర్తిస్తుంది? లక్ష డాలర్ల రుసుము అందరికీ కాదని తేలింది ఇలా అడిగినవాళ్లకే.

నాలుగు: ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉందా? అక్కడ లేకపోతే డబ్బు కట్టేయకండి. ఆ పేజీ తెరిచి చూడటానికి పది నిమిషాలు చాలు. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే కాలేజీలో లెక్చరర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇప్పటికే ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే, లేదా మీ ఫ్రెండ్ ఇరుక్కున్నాడని తెలిస్తే దాచకండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-11-3090. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరిగా ఒక మాట. ఏ దేశమూ తన గేటును మన కోసం కట్టుకోలేదు. వాళ్లకు అవసరమైనప్పుడు ఎత్తుతారు, వద్దనుకున్నప్పుడు దించుతారు. అది మన చేతిలో లేదు. భాష, నైపుణ్యం, రెండేళ్ల అనుభవం, తప్పుల్లేని కాగితాలు, తీర్చగలిగినంత అప్పు.. ఈ ఐదూ మన చేతిలోవే. ఒక దేశం మూసేసినా ఇవి ఇంకో దేశంలో పనికొస్తాయి, హైదరాబాద్‌లోనూ పనికొస్తాయి. ఇవాళ సాయంత్రం ఇంటికెళ్లాక ముందు పదో తరగతి మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి రెండింట్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.